రెండో గోడౌన్

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి
కాశీబుగ్గలో ఆఖరి టిఫిన్ బండివాడు పెనం గీకుతుంటే
నేను రెండో గోడౌన్ తాళం తీస్తాను.
పగలు ఇక్కడ గుమస్తాని:
బస్తాకి ఎనభై కిలోలు, తేమెంత, తరుగెంత.
రాత్రి
కాటా మీద ఫోను ఆనించి
ఒక్కణ్ణే కూర్చుని
ఎన్నడూ చూడని ఊళ్ళ ఫుట్‌బాల్ గురించి
తెలుగులో మాట్లాడతాను.

ఇంట్లో కుదరదు. ఫ్యాను కిర్రు, పక్కింటి సీరియల్,
నీళ్ళ మోటారు.
ఇక్కడ పచ్చి జీడిగింజల బస్తాలు కప్పుదాకా,
గోనె మాటని మింగేస్తుంది.
పట్నాల్లో దీనికోసం గోడలకి స్పాంజి అతికిస్తారట.
మా ఓనరు గారు తనకి తెలియకుండానే
నాకు మూడొందల టన్నుల స్టూడియో కట్టించారు.
గూడ్సు బండి వస్తే మాత్రం
అది దాటేదాకా నోరు మూసుకోవాలి.

ఆట సంగతి తెలియనివాళ్ళకి:
చేతిలో ఉత్తుత్తి కోట్లు పోస్తారు.
పదిహేను మందిని కొనుక్కోవాలి.
అక్కడ వాడు నిజంగా గోలు కొడితే
ఇక్కడ నా కాగితం మీద పాయింట్లు పడతాయి.
పద్నాలుగు వేల జీతగాణ్ణి,
శుక్రవారం రాత్రి మాత్రం
మోకాలి నొప్పి ఉన్నవాణ్ణి అమ్మేసి
కుర్రాణ్ణి తెస్తాను.
పప్పు గ్రేడు కట్టే కన్నే ఇక్కడా పనికొస్తుంది:
ఎవడు గుండు, ఎవడు బద్ద, ఎవడు ఉత్త నూక.

ఒక బస్తా మీద నల్ల సిరాతో ఐవరీ కోస్ట్ అని అచ్చు.
ఆ వారం నా ఫార్వర్డూ ఆ దేశం వాడే.
ఓడెక్కి, విశాఖలో దిగి, లారీ మీద
వాడి ఊరి చెట్టు కాయ నా వీపుకి ఆనుకుని ఉంది.
ఆ సంగతి చెబుతూ పావుగంట తినేశాను,
కెప్టెన్ ఎవరో చెప్పడం మరిచిపోయాను.

నలభై ఒకటో భాగానికి విన్నవాళ్ళు పద్నాలుగు.
అందులో రెండు నావే.
ఒకటి, ఎక్కిందో లేదో చూసుకోడానికి.
రెండోది, నిద్ర పట్టక.

సోమవారం గ్రేడింగ్ బల్ల దగ్గర
కొర్ల దమయంతి తల ఎత్తకుండానే అంది:
"ఆ ఎడంకాలు గుంటణ్ణి తీసీసినావేటి బావూ?
మూడు వారాలు ఓపిక పట్టండని
నువ్వే కదేటి సెప్పినావు?"
ఆమె వేళ్ళు ఆగలేదు. పప్పు రాలుతూనే ఉంది.
నా చెవులు మాత్రం కాలిపోయాయి.

శనివారం పొద్దున్న
ఒక్క ఫోను బల్ల మధ్యన పెట్టుకుని
పన్నెండు మంది వింటారట.
నేను లెక్కపెట్టుకున్నది ఫోన్లని.
బంతి గుండ్రంగా ఉంటుందన్నది తప్ప
ఆటలో వాళ్ళకింకేమీ తెలియదు.
మరెందుకమ్మా వింటారు?
"మగోడు తప్పు జేసానని ఒప్పుకోడం
మేమెక్కడినలేదు బావూ.
నువ్వు పెతీ వారం ఆ మాటతోనే మొదలెడతావు."

అప్పట్నించి పద్ధతి మారింది. మంచికో చెడుకో.
ఫలానా వాణ్ణి బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టానో
పారమ్మకి అర్థమయ్యేలా చెప్పబోయి
నాకే అర్థం కాలేదని తేలి
వాణ్ణి మళ్ళీ ఆడించిన రోజులున్నాయి.
వాడు ఆ వారం రెండు కొట్టాడు.
లోడు దించే దాలినాయుడు నన్నిప్పుడు కోచ్ అంటున్నాడు.
వెక్కిరింతో కాదో అడగలేదు.

మాఘం వచ్చేసరికి సరుకు తరిగింది.
ఒక్కో వరస బాయిలర్‌లోకి పోయినప్పుడల్లా
నా గొంతు కొంచెం పల్చబడుతుంది.
తుఫానుకి లేచిపోతే మళ్ళీ వేసిన రేకులు
ఇన్నాళ్ళకి బయటపడ్డాయి.
ఈ రాత్రి మిగిలినవి నలభై బస్తాలు.
కాటా మీద ఫోను.

"నమస్కారం. పోయిన వారం తప్పు చేశాను."
"చేశాను" అంది కప్పు.
ఆగి, మళ్ళీ మొదలెట్టాను.
మళ్ళీ అంది.
చెరపలేదు, అలాగే ఎక్కించేశాను.

సోమవారం దమయంతి తల ఎత్తింది.
"రెండోవోడెవడు బావూ?"